ఆపిల్ తింటెనే బలమొస్తదట, బత్తాయి వద్దట! మావోని టీవీ హీరోతోని తిప్పలు

కొండమల్లేపల్లి కిరాణం:
మాకు కిరాణం షాపు, ఎనకనే ఇల్లు. మావోనికి అయిదేండ్లు. సెలవుల్ల టీవీల యూట్యూబ్ వెట్టి ‘లేజీటౌన్’ పట్టిండు. ఐస్‌లాండోళ్ల షో, 2004ల మొదలైంది. స్పోర్టకస్ అని నీలి డ్రెస్సు, మీసాల హీరో ఉంటడు. నడిచేది తక్కువ, పల్టీలు ఎక్కువ. పండ్లు, కూరగాయలను ‘స్పోర్ట్స్ క్యాండీ’ అంటడు. చక్కెర నోట్లవడ్డదంటే ఆడికాడనే కూలవడ్తడు. రాబీ రాటెన్ అనేటోడేమో ఊరందరిని సోమరిపోతులను చెయ్యాలని చూస్తడు.

మొదట సంబురపడ్డ. షాపుల దండలెక్క వేలాడే చిప్స్ పాకెట్ల దిక్కు పిలగాడు చూస్తనే లేడు. కిరాణపోళ్ల ఇంట్ల ఇది చిన్న ముచ్చట గాదు. కానీ ఇప్పుడు ఆపిల్ తప్ప ఏదీ ముట్టడు. హీరో ఎగిరేముందు కొరికేది అదే గదా! మా బాపు గుర్రంపోడు దిక్కున్న తోటలకెళ్లి బత్తాయిలు తెస్తే ‘ఇది స్పోర్ట్స్ క్యాండీ గాదు తాతా’ అన్నడు. నల్లగొండ జిల్లాల పుట్టి బత్తాయి వద్దనుడేందో! బాపు మొఖం జూడాలె అప్పుడు.

ఇంకోటి, ఆ ఎగిరేటోన్ని చూసుకుంట వీడు గంటన్నర కదలకుండ కూసుంటుండు. చూపియ్యాల్నా, బంద్ వెట్టాల్నా? పిల్లలున్నోళ్లు జెర చెప్పుండ్రి.

పాలమూరు అంగన్‌వాడీ టీచర్:
బంద్ వెట్టకు తమ్మీ. పిల్లలు హీరో ఏం తిన్నడని కాదు, ఎట్ల తిన్నడని చూస్తరు. ఆయన పండును చేతుల వట్టుకొని కసుక్కున కొరుకుతడు. నువ్వు బత్తాయిని తొనలు తీసి గిన్నెల వెట్టిస్తివి గావచ్చు. చాకుతోని మీది తొక్క మొత్తం చెక్కి, పండు పండే చేతికియ్యి. అంగీ ఖరాబైతది, కానియ్యి. రసం మాత్రం పిండియ్యకు, పీచంత పోతది. దసరా అప్పుడు మా బాలానగర్ సీతాఫలాలు వస్తయి. గింజలు ఎవరు దూరం ఉమ్ముతరో పోటీ వెట్టు, ఆపిల్ యాదికి గూడ రాదు.

జడ్చర్ల నాన్న:
అన్నా, నీ నసీబు మంచిది. మా ఇంట్ల ఛోటా భీమ్. మన హైదరాబాదోళ్లు, గ్రీన్ గోల్డ్ వాళ్లు, 2008ల తెచ్చిండ్రు. అండ్ల బలమొచ్చేది లడ్డుతోని! మా బిడ్డ అన్నం ముందల గూడ లడ్డే అడుగుతది. నాకు ఆపిల్ పంచాయితీ వస్తే పండుగ చేసుకుందు. స్పోర్టకస్ వేసిన మాగ్నస్ షెవింగ్ నిజంగనే ఏరోబిక్స్‌ల యూరప్ చాంపియన్, షో పుట్టించింది గూడ ఆయననే. మీవోడు గల్లపెట్టె మీదికెళ్లి దుంకకుండ చూసుకో.

నల్లగొండ అమ్మ:
గంటన్నర అంటే అంచుకొచ్చినట్టే తమ్ముడూ. పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021ల చెప్పింది: రెండు నుంచి అయిదేండ్ల లోపు పిల్లలకు రోజుకు గంట మించొద్దు, అయిదు దాటినంక రెండు గంటల లోపే. ఆ లెక్కల ఫోన్ గూడ కలుస్తది. షో మధ్యల వచ్చే యాడ్లు చూసినవా? హీరో ఆపిల్ తినుడు అయిపోంగనే చాక్లెట్ యాడ్.

ఇంకో మాట. యాడ్లల్ల బ్రష్ పొడుగూత పేస్ట్ వెడ్తరు. అయిదేండ్లోనికి బఠాణి గింజంత చాలు, పేస్ట్‌ల ఫ్లోరైడ్ ఉంటది, ఉమ్మేదాక పక్కనుండు. మర్రిగూడ దిక్కు వంకరవోయిన కాళ్లు చూసినోళ్లం, ఫ్లోరైడ్ కడుపులకు పోతే ఏమైతదో మనకు ఒకరు చెప్పాల్నా? బోరు నీళ్లు తాగిపిస్తలేవు గదా?

కొండమల్లేపల్లి కిరాణం:
తాగేది భగీరథ నల్లా నీళ్లే అక్కా. టీచరమ్మ చెప్పినట్టు పండు పండే ఇచ్చిన. కొరికిండు, రసమంత మోచేతి దాక కారింది, ఇంకోటి అన్నడు. టీవీ కాడనే వచ్చింది తంటా, బంద్ చేస్తే లొల్లి.

జడ్చర్ల నాన్న:
యూట్యూబ్ కిడ్స్ యాప్‌ల టైమర్ ఉంటది అన్నా. ఫోన్‌ల వెట్టి చూడు. టైమైతే అదే లాక్ అయితది, తిట్లు గూడ యాప్‌కే పడ్తయి.