అప్‌డేట్: పాత బుల్లెట్ 350కి కొత్త క్యామ్‌లు, పుష్‌రాడ్ల సమస్య తీరింది

హై లిఫ్ట్ క్యామ్‌లు (ఇంజన్ వాల్వులను మామూలుకన్నా ఎక్కువ తెరిచేవి) వేశాక టకటకమని శబ్దం వస్తోంది, ఏ పుష్‌రాడ్లు (క్యామ్ కదలికను వాల్వుల వైపు అందించే కడ్డీలు) కొనాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. "ముందు బేస్ సర్కిల్ కొలిపించు" అన్న సలహాయే పనిచేసింది. బేస్ సర్కిల్ అంటే క్యామ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం. మా రాయగడ మెకానిక్ పాత క్యామ్, కొత్త క్యామ్ పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాడు. కొత్తదాని బేస్ సర్కిల్ వ్యాసం 2 మి.మీ. తక్కువ, అంటే పుష్‌రాడ్ 1 మి.మీ. కిందికి దిగిపోయింది. ఆ ఖాళీ పూడ్చడానికి బాగా బయటికి తిప్పడంతో అడ్జస్టర్ (రాడ్ పొడవు సరిచేసే స్క్రూ) రెండు చుట్ల మరమీదే వేలాడుతోంది, చూసి గుండె ఝల్లుమంది.

పొడుగు రాడ్లు వేశాం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు సెట్ చేశాం: వేళ్లతో తిప్పితే రాడ్ సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కొందరు చెప్పిన ఆయిల్ మార్చడం, రాడ్లు అల్యూమినియమా స్టీలా అన్న చర్చ నా బండికి అక్కర్లేకపోయాయి. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న (ఆయిల్ ఒత్తిడితో ఆ ఖాళీని వాటంతటవే సరిచేసుకునే) బళ్లకి ఈ సెట్టింగ్ పనికిరాదు. నిన్న కొరాపుట్ ఘాట్ ఎక్కి వచ్చాను, శబ్దం లేదు.