ఒక హెలికోబాక్టర్ స్ట్రెయిన్ స్వీకరించిన ప్లాస్మిడ్‌ను మరొకటి ఎందుకు స్వీకరించడం లేదు?

పరిశోధక_విద్యార్థిని: ఈ.కోలైలో పెంచిన, రెండు రకాల బాక్టీరియాలోనూ నిలవగల చిన్న వలయాకార డీఎన్ఏ అయిన షటిల్ ప్లాస్మిడ్‌ను, రోగుల జీర్ణాశయ బయాప్సీల నుంచి వేరుచేసిన రెండు హెలికోబాక్టర్ పైలోరీ స్ట్రెయిన్లకు అందించాము. మొదటి దానిలో కాలనీలు వచ్చాయి, రెండో దానిలో ఒక్కటీ రాలేదు. అయితే ఆ రెండోదే, తన సొంత స్ట్రెయిన్ నుంచి తీసిన క్రోమోజోమ్ డీఎన్ఏపై ఉన్న స్ట్రెప్టోమైసిన్ నిరోధక మార్కర్‌ను చక్కగా స్వీకరిస్తోంది.

జన్యుశాల: అలాగైతే డీఎన్ఏ లోపలికి వెళ్లడంలో లోపమేమీ లేదు, వెళ్లిన తరువాత అది ముక్కలవుతున్నదని అనుమానించాలి. 1997లో 26695, 1999లో జే99 స్ట్రెయిన్ల జన్యుపటాలు వెలువడినప్పుడే, చిన్న జీనోమ్‌లో ఇన్ని రెస్ట్రిక్షన్-మాడిఫికేషన్ (పరాయి డీఎన్ఏను కత్తిరించే ఎంజైమ్, సొంత డీఎన్ఏకు మిథైల్ గుర్తు తగిలించి కాపాడే మిథైలేజ్ అనే జంట) జన్యువులు ఉండటం ఆశ్చర్యం కలిగించింది. వాటిలో పనిచేసేవి ఏవన్నది స్ట్రెయిన్‌కొకలా ఉంటుంది.

పాత_ఫ్రీజర్: రెండు స్ట్రెయిన్ల జీనోమిక్ డీఎన్ఏను కొన్ని ఎంజైములతో విడివిడిగా కత్తిరించి జెల్ మీద చూడండి. సీఏటీజీ అనే నాలుగక్షరాల డీఎన్ఏ వరుస వద్ద కత్తిరించే ఎన్‌లా-3 రెండింటినీ తాకకపోవచ్చు, ఎందుకంటే ఆ స్థానపు మిథైలేషన్ ఈ జాతిలో దాదాపు సర్వసాధారణం. జీఏటీసీ విషయంలో ఎంబో-1 విఫలమై, డీపీఎన్-1 కత్తిరిస్తే, అక్కడి అడినైన్‌కు మిథైల్ ఉన్నట్లు. అయితే డీఎన్ఏ తెగలేదంటే మిథైలేజ్ పనిచేస్తోందని మాత్రమే అర్థం, దానికి జోడైన కత్తెర ఎంజైమ్ కూడా బతికి ఉందని కాదు. ఉదాహరణకు, ఈ బాక్టీరియాలోని ఐస్ఏ1 జన్యువు ఎన్‌లా-3ను పోలినదే అయినా, చాలా స్ట్రెయిన్లలో మ్యుటేషన్ల వల్ల పూర్తి ప్రోటీన్‌ను ఇవ్వదు.

జన్యుశాల: పై మాటకు ఒక చేర్పు. సాధారణ ఈ.కోలైలో డామ్ మిథైలేజ్ ఉంటుంది కనుక మీ ప్లాస్మిడ్‌కు జీఏటీసీ వద్ద రక్షణ ముందే ఉంది. అడ్డంకిని ఇతర స్థానాల్లో వెతకాలి. (ఏసీజీటీ వద్ద కత్తిరించే హెచ్‌పీవైసీహెచ్4-4 ఈ బాక్టీరియా నుంచే వచ్చి, ఇప్పుడు మనం కొనుక్కునే ఎంజైమ్ అయింది!)

పరిశోధక_విద్యార్థిని: ప్లాస్మిడ్‌కు ఆ స్ట్రెయిన్ మిథైలేషన్‌నే ముందుగా తగిలించవచ్చా, గారూ?

పాత_ఫ్రీజర్: వచ్చు. స్వీకరించే స్ట్రెయిన్ కణాలను పగలగొట్టి తీసిన రసంలో ప్లాస్మిడ్‌ను మిథైల్ అందించే ఎస్-అడినోసిల్ మిథియోనిన్, ఈడీటీఏలతో కలిపి ఉంచాలి. ఈడీటీఏ మెగ్నీషియంను పట్టేయడం వల్ల కత్తిరించే ఎంజైములు ఆగిపోతాయి. మిథైలేజులకు మెగ్నీషియం అవసరం లేదు. ఎస్-అడినోసిల్ మిథియోనిన్ వెచ్చదనంలో త్వరగా పాడవుతుంది కాబట్టి మధ్యలో మళ్లీ కలపండి. తరువాత ప్లాస్మిడ్‌ను శుద్ధి చేసి వాడాలి.

జన్యుశాల: రసాన్ని, మీరు ప్లాస్మిడ్ ఇవ్వబోయే స్టాక్ నుంచే తీయండి. మోడ్‌హెచ్ వంటి మిథైలేజ్ జన్యువుల్లో వరుసగా వచ్చే గ్వానైన్ల (జీ అక్షరాల) సంఖ్య కణ విభజనల్లో మారుతుంటుంది కనుక, ఒకే స్ట్రెయిన్‌లోనైనా పాత కల్చర్‌లో పనిచేసిన ఎంజైమ్ కొత్త దానిలో ఆగిపోయి ఉండవచ్చు.