అక్షింతల పురుగులు రావాలంటే మిద్దె తోటలో ఏం వేయాలి: బంతా, కొత్తిమీరా, అలసందా?

మిద్దెసాగు: హైదరాబాద్‌లో మిద్దె తోట. బెండ, వంగ, టమాటా ఉన్నాయి. ఏటా బెండకు పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) పడుతుంది. దాన్ని తినే అక్షింతల పురుగుల్ని (లేడీబర్డ్) రప్పించాలని ఉంది. ఇంకా పది కుండీలకు చోటుంది. అందరూ బంతే వేయమంటున్నారు. పదీ బంతేనా?

నల్లరేగడి: వద్దండీ. బంతి పని వేరు. టమాటా కాయతొలిచే పురుగు తల్లి బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి అది ఎర పంట. దాని వేర్లు మట్టిలోని నులిపురుగుల్నీ తగ్గిస్తాయి. కానీ ముద్దబంతిలో అన్నీ రేకులే, పుప్పొడి అందదు. అక్షింతల పురుగు నోరు పొట్టిది, దానికి లోతులేని చిన్న పూలు కావాలి. కొత్తిమీర, సోంపు, సోయికూర వేసి, కోయకుండా పూతకు వదిలేయండి. ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున విత్తండి. అన్నీ ఒకేసారి చల్లితే పూత కూడా ఒకేసారి అయిపోతుంది. ఇరవై రోజులకొక కుండీ చొప్పున విత్తుకుంటూ పోవాలి.

గట్టుపంట: నల్లరేగడి గారూ, ఏప్రిల్, మే ఎండల్లో మిద్దె మీద కొత్తిమీర నిలుస్తుందా? పైగా పూలు ఎదిగిన అక్షింతల పురుగుకే తిండి. అది గుడ్లు పెట్టేది పేనుబంక ఉన్న చోటే. అందుకే నా ఓటు అలసందకు. దాని మీదికొచ్చే నల్ల పేనుబంక ముఖ్యంగా పప్పుజాతిది, బెండ మీది పత్తి పేనుబంక వేరే రకం. బెండకు రెండు మూడు వారాల ముందే నాలుగు కుండీల్లో అలసంద వేస్తే, బెండకు పేనుబంక పట్టేసరికి వేటగాళ్లు సిద్ధంగా ఉంటారు. పత్తి చేల గట్ల మీద అలసంద, జొన్న వేసేది ఇందుకే.

నల్లరేగడి: పక్కన చిక్కుడు పాదు ఉంటే? అదే నల్ల పేనుబంక చిక్కుడు పూతకు ఎక్కుతుంది, వైరస్ తెగులు కూడా మోసుకొస్తుంది. పురుగును పెంచి పురుగును పిలవడం చిన్న మిద్దెకు ప్రమాదమే.

గట్టుపంట: చిక్కుడు ఉంటే అలసంద వద్దు, ఒప్పుకుంటాను. అప్పుడు మొక్కజొన్న వేయండి. దాని పేనుబంక గడ్డిజాతిని దాటి పోదు.

వేపచెట్టు: ఇద్దరూ చీమల్ని మరిచారు. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కుండీల స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెట్టండి. ఆకులు గిన్నె దాటి గోడకు తగిలినా చీమలకు దారి దొరికినట్టే. ఇంకో పెద్ద నష్టం మన చేతులతోనే జరుగుతోంది. నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉండే పురుగును చాలామంది నలిపేస్తున్నారు. అది అక్షింతల పురుగు పిల్లే! అది కనబడిన మొక్కకు వేపనూనె కూడా కొట్టకండి.

మిద్దెసాగు: చిక్కుడు లేదు, అలసంద వేస్తాను. వంగ ఆకుల్ని జల్లెడ చేసేదీ అక్షింతల పురుగే కదా, తేడా ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు: వంగను తినేది మెరుపు లేకుండా సన్నని నూగుతో ఉంటుంది, చాలా వాటికి 28 చుక్కలు. దాని పిల్ల పసుపుగా, ఒంటినిండా కొమ్మల్లాంటి ముళ్లతో ఉంటుంది. ఆకు అడుగున పసుపు రంగు గుడ్ల గుంపు కనబడితే చుట్టూ చూడండి. పేనుబంక ఉంటే వదిలేయండి. అది లేకుండా ఆకు గీరినట్టుంటే ఆ ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేయండి.