టెస్లాలో హోమ్‌లింక్ పెట్టించాలా, రిమోట్‌తోనే సర్దుకోవాలా?

అరండల్‌పేట, గుంటూరు (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి ఏడాది కాలేదు. డాలస్ దగ్గర గ్యారేజ్ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్ టెస్లా మోడల్ 3 కొన్నాం. తలుపు తీయడానికి ఓనరు ఇచ్చింది ఒకటే రిమోట్. అది నా దగ్గరుంటే మా ఆవిడకు ఇబ్బంది, తన దగ్గరుంటే నాకు ఇబ్బంది. హోమ్‌లింక్ అనే పరికరం బిగిస్తే గ్యారేజ్ తలుపు తీసే బటన్ కార్లోనే వస్తుందని, సుమారు 350 డాలర్లవుతుందని అంటున్నారు. అంత పెట్టొచ్చా? వేసవికి అమ్మానాన్న కూడా వస్తున్నారు.

పటమట, విజయవాడ:
తమ్ముడూ, డబ్బు కట్టే ముందు కారు స్క్రీన్ చూడు. మొదట్లో వచ్చిన మోడల్ 3లకు హోమ్‌లింక్ కంపెనీయే పెట్టి ఇచ్చేది. 2019లో తీసేసి విడిగా అమ్మడం మొదలుపెట్టింది. కంట్రోల్స్ స్క్రీన్ పైన హోమ్‌లింక్ గుర్తు ఉంటే నీకు ఖర్చే లేదు. పాత యజమాని ఇంటి పేరు అందులో ఇంకా ఉంటే మాత్రం ముందు డిలీట్ చెయ్యి.

లేకపోతే టెస్లా సైట్లోనే కొనుక్కో. ఆ ధరలోనే బిగింపు కూడా ఉంటుంది, మనిషి ఇంటికే వస్తాడు. ఆ పెట్టె ముందు బంపర్ వెనక కూర్చుంటుంది కాబట్టి బంపర్ వదులు చేయాలి. వీడియోలు చూసి సొంతంగా విప్పే ఆలోచన ఉంటే మానుకో, క్లిప్పులు విరిగితే మిగిల్చిన డబ్బులు వాటికే పోతాయి.

బిగించాక కారుకు రిమోట్ సిగ్నల్ నేర్పించే పని నీదే. రిమోట్‌లో కొత్త బ్యాటరీ వెయ్యి. కారును గ్యారేజ్ బయట తలుపుకు ఎదురుగా ఆపి, స్క్రీన్‌లో హోమ్‌లింక్ తెరిచి పేరు పెట్టు. చేతి రిమోట్ ఉంది కాబట్టి స్టాండర్డ్ మోడ్ ఎంచుకో, డి మోడ్ రిమోట్ లేని మోటార్లకు. రిమోట్‌ను ముందు బంపర్‌కు 2 అంగుళాల దూరంలో పట్టుకుని, హెడ్‌లైట్లు మెరిసేదాకా బటన్ నొక్కి ఉంచాలి. చాలామంది కార్లో కూర్చుని స్క్రీన్ దగ్గర రిమోట్ పట్టుకుంటారు. రిసీవర్ ఉన్నది బంపర్లో కదా, అక్కడ ఎంత నొక్కినా లాభం లేదు.

ఇంతటితో అయిపోయిందనుకోకు. తలుపెత్తే ఇప్పటి మోటార్లలో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, పక్కవాడు సిగ్నల్ పట్టుకుని తలుపు తీయకుండా. అందుకని మోటారుకు కూడా కారును పరిచయం చేయాలి. పైకప్పుకు వేలాడే మోటారు మీద లెర్న్ అనే బటన్ ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి వదిలేశాక 30 సెకన్లలోపు కార్లో బటన్ నొక్కాలి. నిచ్చెన మీద ఒకరు, కార్లో ఒకరు ఉంటే పరుగులు తప్పుతాయి. లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లేన్ మోటార్లలో లెర్న్ బటన్ పసుపు రంగులో ఉంటే అది 2011 నుంచి వస్తున్న సెక్యూరిటీ ప్లస్ 2.0 అనే, కోడ్ మారే రకం. ఊదా, నారింజ, ఆకుపచ్చ రంగులైతే అంతకు ముందు తరం. మరీ కొత్త మోటార్లలో కొన్ని హోమ్‌లింక్‌తో నేరుగా కలవవు. అందుకే మోటారు మోడల్ నంబరు హోమ్‌లింక్ సైట్లో కొట్టి చూశాకే డబ్బు కట్టు.

లబ్బీపేట, విజయవాడ:
సెలవులకు బెజవాడలో ఉన్నాను, అందుకే ఆలస్యంగా చూశాను. ఇక్కడ అపార్ట్‌మెంట్ ముందు హారన్ కొడితే వాచ్‌మన్ వచ్చి గేటు తీస్తాడు. ఎవరొచ్చారో, లోపల ఎవరున్నారో చూసే తీస్తాడు. హోమ్‌లింక్‌కు ఆ చూపు లేదు. తలుపు తెరిచి ఉందో మూసి ఉందో కారుకు తెలియదు, తెరవడానికీ మూయడానికీ అది పంపేది ఒకటే సిగ్నల్.

నువ్వు అమ్మానాన్న వస్తున్నారన్నావు కాబట్టే ఇంత చెబుతున్నాను. మన పెద్దవాళ్లు అక్కడికి వెళ్తే సాయంత్రాలు గ్యారేజ్ తలుపెత్తి, కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటారు. మనూళ్లో అరుగు మీద కూర్చున్నట్టే. కార్లో ఆటో ఓపెన్ ఆన్ చేసి ఉంటే, నువ్వు ఆఫీసు నుంచి వీధి మలుపు తిరగ్గానే జీపీఎస్ చూసుకుని కారు సిగ్నల్ పంపేస్తుంది. తెరిచి ఉన్న తలుపు కిందికి దిగడం మొదలుపెడుతుంది. 1993 నుంచి తయారైన ఇంటి మోటార్లకు అమెరికాలో రక్షణ ఏర్పాటు తప్పనిసరి. తలుపు దేనికైనా తగిలితే తిరిగి పైకి పోవాలి, చాలావాటికి కింద రెండు పక్కలా సెన్సర్ కళ్లు కూడా ఉంటాయి. కానీ ఆ కళ్లు నేలకు 6 అంగుళాల లోపే ఉంటాయి, వాటి వరుసలో అడ్డు ఉంటేనే చూస్తాయి. అందుకని పెద్దవాళ్లు ఉన్నన్నాళ్లూ ఆటో ఓపెన్, ఆటో క్లోజ్ రెండూ ఆపెయ్. బటన్ నువ్వే నొక్కు, తలుపు కంటికి కనిపించే దూరం నుంచి.

ఫోన్లో తలుపు స్థితి చూపించే మైక్యూ లాంటివి కూడా ఉన్నాయి. కార్లో వాడాలంటే చందా కట్టాలి, ఇంటర్నెట్ లేకపోతే పనిచేయవు. నేనైతే హోమ్‌లింకే పెట్టుకుంటాను.

అరండల్‌పేట:
చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. కార్లో హోమ్‌లింక్ గుర్తు లేదు, కొనాల్సిందే. ఇంకో రెండు అనుమానాలు. మాకంటే ముందు అద్దెకున్నవాళ్ల దగ్గర రిమోట్ ఉండిపోయి ఉంటే? కరెంటు పోతే?

పటమట:
చాంబర్లేన్ రకం మోటారయితే లెర్న్ బటన్‌ను దాని లైటు ఆరేదాకా, దాదాపు 6 సెకన్లు, నొక్కి పట్టుకో. పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి, నీవి మళ్లీ నేర్పించుకోవాలి. అద్దె ఇల్లు కాబట్టి ఓనరుకు ముందే మెయిల్ పెట్టు, ఆయన దగ్గరున్న రిమోట్ కూడా పోతుంది. కరెంటు పోతే వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది, చేత్తో ఎత్తొచ్చు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగాలి. సగంలో లాగితే, స్ప్రింగ్ బాగాలేని తలుపు దబ్బున పడుతుంది. ఈ ఒక్కటీ నాన్నగారికి దగ్గరుండి చూపించు.

రిమోట్ దూరం నుంచి సరిగా పనిచేయకపోతే మోటార్లో బల్బు మార్చి చూడు. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు సిగ్నల్‌కు అడ్డొస్తాయి.

లబ్బీపేట:
మీ ఆవిడ వేరే కారు నడుపుతుంటే అద్దం కిందో, పైన లైటు దగ్గరో మూడు బటన్లు ఉన్నాయేమో చూడు. చాలా కార్లలో అదే హోమ్‌లింక్. ఉంటే ఉన్న ఒక్క రిమోట్ తన కారుకూ నేర్పించేయొచ్చు, ఇంకోటి కొనక్కర్లేదు.