నాన్న పోయాక షాపు పేరు ఎవరిది? 413 నుంచి 431 దాకా పంచ్ కొట్టిందెవరు?

రిజిస్టర్412 (ప్రశ్న):

నమస్కారం. ఇన్నాళ్లూ ఇంజన్ల గురించి చదువుకోవడానికే ఇక్కడికి వచ్చేదాన్ని. ఇవాళ మా ఇంటి సంగతి అడగాల్సి వచ్చింది. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

మా నాన్న పాత కార్ల ఇంజన్లు కట్టేవారు. అన్నీ కాదు, ఒకే వరసలో ఆరు సిలిండర్లు ఉండేవి మాత్రమే. వేరేవి వస్తే "ఇది నా చేతి పని కాదు" అని చెప్పి పంపేసేవారు. బోర్డు మీద ఉన్నది ఇంటిపేరుతో సహా ఆయన పేరే. ఎనిమిది నెలల కిందట గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. కంపెనీ, భాగస్వాములు అంటూ ఎవరూ లేరు, ఆయనొక్కరే యజమాని.

ఇంజన్ కట్టి, నడిపి చూసి, తనకు తృప్తి కలిగాక బ్లాక్ పక్కన, మౌంట్‌కి పైన చదునుగా ఉండే చోట ఆయన పంచ్ (సుత్తితో కొట్టి ఇనుము మీద అక్షరం దింపే పనిముట్టు) కొట్టేవారు. రెండు అక్షరాలు, ఒక నంబరు. రెండో అక్షరం కాస్త కుడికి ఒరిగి పడుతుంది. ఆ పంచ్ తల ఎప్పుడో సుత్తి దెబ్బకి వంగింది. కొత్తది కొనమంటే ఒప్పుకునేవారు కాదు, "ఆ ఒరుగే నా సంతకం" అనేవారు. ప్రతి నంబరుకీ రిజిస్టర్‌లో ఒక పేజీ ఉంటుంది: బోర్ సైజు, పిస్టన్ క్లియరెన్స్, బేరింగ్ సైజు, ఆరు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి). ఆయన రాసిన చివరి పేజీ 412.

పోయిన నెల ఒకాయన ఫోటో పంపి, "ఇది మీ నాన్నగారు కట్టిందేనా అమ్మా? కొనాలనుకుంటున్నాను" అని అడిగారు. నంబరు 431. రెండో అక్షరం కుడికే ఒరిగి ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పంచ్‌ల పెట్టె మేస్త్రీ అన్న దగ్గరుంది. నాన్న దగ్గర 21 ఏళ్లు పనిచేశాడు, నన్ను స్కూలుకి దింపినవాడు. నాన్న పోయిన మూడో నెలలో ఇద్దరు కుర్రాళ్లని తీసుకుని వెళ్లి వేరే షెడ్ పెట్టాడు. అక్కడ బోర్డు మీద పెట్టుకున్నదీ నాన్న పేరే. మాతో ఒక్క మాట చెప్పలేదు.

ఇంకోవైపు మా బాబాయి. షాపు పేరుని ట్రేడ్‌మార్క్‌గా తన పేరు మీద రాయించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. "ఇంటిపేరు నాదీ అదే, మొదట్లో డబ్బు పెట్టింది నేనే" అంటాడు. ఆ డబ్బు అప్పుగా తీసుకున్నదే, తీర్చేసినట్టు నాన్న చేత్తో రాసిన లెక్క ఉంది. బాబాయి ఆ పేరుని స్పేర్ పార్టుల వ్యాపారం చేసే ఒకాయనకి ఇచ్చేద్దామని చూస్తున్నాడు. రేపు ఎవరో తయారుచేసిన గాస్కెట్ల డబ్బా మీద నాన్న పేరు ఉంటుంది.

తమ్ముడు "ఎవరికో ఒకరికి ఇచ్చేసి టెన్షన్ వదిలించుకుందాం" అంటున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడదు. షాపు తాళంచెవి ఇప్పటికీ దిండు కిందే పెట్టుకుని పడుకుంటుంది.

ఈ పేరు ఎవరిది? మేస్త్రీ అన్న ఎంతవరకు వాడుకోవచ్చు? ఆ పంచ్‌ని ఎలా ఆపాలి? నాకు అన్నిటికంటే ఎక్కువగా కావాల్సింది ఆ చివరిదే.

పేరూ_హక్కూ:

అమ్మా, ముందుగా నాన్నగారి గురించి విని బాధగా ఉంది. నేను ఈ పేర్ల తగాదాల పనిలోనే ఉన్నాను. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి మీ లాయర్ మాటే చివరి మాట. కానీ మూల సూత్రం చాలాచోట్ల ఒకటే.

యజమాని ఒక్కరే అయినప్పుడు షాపు ఆయన నుంచి వేరు కాదు. పనిముట్లు, బాకీలు, పేరు, ఆ పేరుకున్న పరపతి, అన్నీ ఆయన ఆస్తిలో భాగాలే. ఆయన పోయాక వారసులకి వస్తాయి. భార్యాపిల్లలు ఉండగా పోయినాయన తమ్ముడికి వాటా రావడం అరుదు. ఇంటిపేరు ఒకటే కావడం వేరు, షాపు పేరు మీద హక్కు ఉండడం వేరు. అమెరికాలో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు ఇంజన్లకి పేరు మోసిన జాన్ లింగెన్‌ఫెల్టర్ 2003లో పోయారు. 2008లో ఆ సంస్థ చేతుల్లోకి తీసుకున్న కెన్ లింగెన్‌ఫెల్టర్‌ది కూడా అదే ఇంటిపేరు, దూరపు చుట్టరికం కూడా ఉంది. అయినా ఆయన దాన్ని కొనుక్కున్నారు.

మీ బాబాయి దరఖాస్తు పెట్టినంత మాత్రాన పేరు ఆయనది అయిపోదు. చాలాచోట్ల రిజిస్టర్ చేసే ముందు దరఖాస్తుని ప్రకటిస్తారు, అభ్యంతరం చెప్పడానికి గడువిస్తారు. ఆ గడువు దాటిపోతే పని కష్టమవుతుంది, కాబట్టి రేపే తేదీ కనుక్కోండి. ఆ పేరుతో మీ నాన్నగారు ఎన్నేళ్లుగా పనిచేశారో చూపించే పాత బిల్లులు, ఉత్తరాలు, బోర్డు ఫోటోలు పోగేయండి. మీ రిజిస్టర్ బంగారం. ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పేరుని వాడకుండా పెట్టెలో పెట్టి తాళం వేస్తే అది అరిగిపోతుంది. అమెరికాలో వరసగా 3 ఏళ్లు వాడకపోతే వదిలేసినట్టు లెక్కవేస్తారు, యూరప్‌లో 5 ఏళ్లు వాడకపోతే రద్దు చేయమని అడగవచ్చు. అలాగే ఎవరికైనా వాడుకోమని ఇచ్చి, పని ఎలా ఉందో చూడకుండా వదిలేసినా హక్కు బలహీనపడుతుంది. "ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం" అంటున్న మీ తమ్ముడికి ఈ ముక్క చెప్పండి.

నాన్చితే ఏమవుతుందో చూడాలంటే లోటస్ కథ ఉంది. ఆ బ్రిటిష్ కార్ల పేరుని మొదలుపెట్టిన కోలిన్ చాప్‌మన్ 1982 డిసెంబరులో హఠాత్తుగా పోయారు. కార్ల కంపెనీ ఒకటి, రేసు టీము వేరొకటి. 1994లో టీము పేరుని డేవిడ్ హంట్ కొన్నారు, 2010లో ఆయన దగ్గర టోనీ ఫెర్నాండెజ్ కొన్నారు. 2011లో ఫార్ములా వన్‌లో లోటస్ పేరుతో రెండు టీములు పరిగెత్తాయి, ఒకటి ఫెర్నాండెజ్‌ది, రెండోది కార్ల కంపెనీ తన పేరిచ్చినది! లండన్ హైకోర్టు ఆ మే నెలలో ఫెర్నాండెజ్ "టీమ్ లోటస్" అనుకోవచ్చు, కార్ల కంపెనీ "లోటస్" అనుకోవచ్చు అని తీర్పిచ్చింది. మరుసటి ఏడాదికి ఫెర్నాండెజ్ తన టీము పేరు కేటర్‌హామ్‌గా మార్చుకున్నారు. చాప్‌మన్ పోయి 28 ఏళ్లు దాటాక జరిగిన గొడవ అది.

ఫీలర్‌గేజ్:

నేను మెకానిక్‌ని. మీ మేస్త్రీ అన్న ఉన్న చోట నేనూ ఒకప్పుడు ఉన్నాను కాబట్టి ఆ వైపు మాట చెబుతాను. కోపం తెచ్చుకోకండి.

మా ఓనర్ పోయినప్పుడు షాపులో సగం విప్పిన ఇంజన్లు ఐదు ఉన్నాయి. బండ్ల వాళ్లు ఓనర్ ఇంటికి ఫోన్ చేయలేదు, నాకు చేశారు. "ఆయన చెయ్యి నీకు వచ్చు కదా" అన్నారు. ఆ మాట విన్నప్పుడు పేరు కూడా నాదే అనిపించింది. దొంగతనం అనిపించలేదు, నిజంగా చెబుతున్నాను. పదిహేడేళ్లు ఆ బోర్డు కింద నా చేతులకి నూనె అంటింది మరి.

తర్వాత ఓనర్ కూతురే వచ్చి అడిగింది, "అన్నా, రేపు నువ్వు కట్టిన ఇంజన్ పట్టేసి ఆగిపోతే తిట్లు ఎవరికి పడతాయి, నీకా నాన్నకా?" అని. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడు బోర్డు దింపి నా పేరు పెట్టాను. కింద చిన్న అక్షరాల్లో "ఫలానా వారి దగ్గర 17 ఏళ్లు పనిచేసిన అనుభవం" అని రాసుకున్నాను. అది నిజం కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొదటి ఏడాది పని తగ్గింది, తర్వాత పుంజుకుంది.

పంచ్ మాత్రం వేరే సంగతి. బోర్డు చూసి లోపలికి వచ్చినవాడికి ఎదురుగా మనిషి కనిపిస్తాడు. ఇనుము మీద కొట్టిన అక్షరం ఇరవై ఏళ్ల తర్వాత, ఎవరి ఎదుటా లేకుండా మాట్లాడుతుంది. పోయిన మనిషి చేత ఆ మాట చెప్పించకూడదు.

లాయర్ నోటీసుకి ముందు మీరే ఒకసారి వెళ్లండి. ఒంటరిగా వెళ్లండి, బాబాయితో వెళ్లకండి.

పాతబండి_ప్రేమికుడు:

కొనేవాడి వైపు నుంచి రెండు మాటలు. మా లోకంలో బండి కంటే ముందు నంబరు చూస్తాం. 431 నంబరు ఇంజన్‌ని మీ నాన్నగారిదనుకుని కొన్నవాడు మోసపోయినట్టే, అది ఎంత బాగా నడిచినా సరే. ఆ మచ్చ పాత 412 ఇంజన్ల మీద కూడా పడుతుంది. ఒకసారి అనుమానం మొదలైతే 200వ నంబరు బండిని కూడా "ఇది అసలుదేనా" అంటారు.

దీనికి దారి ఉంది. అమెరికాలో కారల్ షెల్బీ కట్టిన కోబ్రా స్పోర్ట్స్ కార్లు చూడండి. 1960ల నాటి అసలు బండ్ల చాసిస్ నంబర్లు సీఎస్‌ఎక్స్ 2000, 3000 వరసల్లో ఉంటాయి. చాలా ఏళ్ల తర్వాత షెల్బీ వాళ్లు మళ్లీ కట్టినప్పుడు 4000 వరస ఎత్తుకున్నారు. 4000 వరస నంబరు వినగానే అది తర్వాతి కాలం బండి అని తెలిసిపోతుంది. కారల్ షెల్బీ 2012లో పోయారు, ఆ పేరుతో బండ్లు ఇప్పటికీ వస్తున్నాయి. వరసలు కలపకపోతే కొత్తదాన్ని పాతదని పొరబడే వీలు తగ్గుతుంది.

బీఎండబ్ల్యూ కార్లకి మెరుగులు దిద్దే జర్మన్ సంస్థ అల్పీనా వాళ్లయితే మనిషి బతికుండగానే తేల్చుకున్నారు. 1965లో మొదలైన ఆ పేరుని 2022లో బీఎండబ్ల్యూకి అమ్మేందుకు ఒప్పందం చేసుకున్నారు. సంస్థాపకుడు బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ మరుసటి ఏడాది పోయారు. కొడుకులు ఇప్పుడు సొంత ఇంటిపేరుతో కార్లు చేస్తున్నారు. మీకు ఆ అవకాశం దొరకలేదు, కానీ 412 దగ్గర గీత గీసే అవకాశం ఇంకా ఉంది. ఆ జాబితాని అందరికీ కనిపించేలా పెట్టండి. ఎవరూ మధ్యలో నంబరు దూర్చలేరు.

రిజిస్టర్412:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగు రోజులు రాయలేకపోయాను.

అభ్యంతరం పెట్టడానికి ఇంకా ఐదు వారాలుంది. లాయర్‌ని కలిశాం. తీర్చేసిన అప్పు లెక్క చూసి ఆయన తల ఊపారు. తమ్ముడికి పేరు అరిగిపోయే సంగతి చెప్పాను, మొదటిసారి కాగితాలు చేతిలోకి తీసుకుని చదివాడు.

ఫీలర్‌గేజ్ గారూ, మీరన్నట్టే ఒంటరిగా వెళ్లాను. రిజిస్టర్ చంకలో పెట్టుకుని వెళ్లాను. మేస్త్రీ అన్న నన్ను చూసి లేచి నిలబడ్డాడు, చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. నేను ఏమీ అనకముందే లోపల్నుంచి ఇంకో పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. 413 నుంచి 431 దాకా పేజీకో ఇంజన్, నాన్న గీసినట్టే గీతలు, అవే గడులు. పై వరసలో "కట్టినవారు" అన్న చోట ప్రతి పేజీలో నాన్న పేరే రాశాడు. "నా పేరు రాస్తే అబద్ధం అవుతుందనిపించిందమ్మా, నాకు తెలిసిందంతా ఆయనదే కదా" అన్నాడు. ఎనిమిది నెలలుగా నేను మోసుకు తిరుగుతున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అయినా చెప్పాను. మీ ఓనర్ కూతురు మిమ్మల్ని అడిగిన ప్రశ్నే అడిగాను, తిట్లు ఎవరికి పడతాయని. చాలాసేపు బెంచీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత నా రిజిస్టర్ తెరిచి 412 పేజీ చూపించాడు. నేను అన్నిసార్లు చూసి కూడా గమనించనిది అది. కంప్రెషన్ గడుల్లో ఒకటి, రెండు, మూడు మాత్రమే నిండి ఉన్నాయి. నాలుగు, ఐదు, ఆరు ఖాళీ. ఆ సాయంత్రం మూడో సిలిండర్ చూసి "మిగతావి పొద్దున్నే చూద్దాం" అని ఇంటికి వచ్చేశారట. ఆ పొద్దున నాన్న లేవలేదు. మిగతా మూడూ అన్న చూశాడు. పంచ్ కొట్టింది అన్నే. ఆ రీడింగులు తన పుస్తకం మొదటి పేజీలో విడిగా రాసి పెట్టుకున్నాడు, నాన్న పేజీ మీద చెయ్యి పెట్టలేక.

అప్పటికి అనుకున్నది ఇది. అమ్మ, తమ్ముడు, నేను సంతకాలు పెట్టాక లాయర్ కాగితం రాస్తారు. ఆ రెండక్షరాల పంచ్ అమ్మ దగ్గర ఉంటుంది. అన్న బోర్డు మారుస్తాడు, నాన్న దగ్గర పనిచేశానని రాసుకుంటాడు. తన అక్షరాలతో కొత్త పంచ్ చేయించుకుని ఒకటో నంబరు నుంచి మొదలుపెడతాడు. 413 నుంచి 431 దాకా ఇంజన్లు తీసుకెళ్లిన పందొమ్మిది మందికీ ఫోన్ చేసి, కట్టింది ఎవరో అతనే చెబుతాడు. నాకు ఫోటో పంపినాయనకి నిన్ననే చేశాడు. ఆయన ఆ ఇంజన్ ఉన్న బండి కొంటున్నారు, విషయం తెలిసే.

బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. అది కోర్టులో తేలాల్సిందేనేమో.

వచ్చే ముందు 412 పేజీ అన్న ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. నాలుగు, ఐదు, ఆరు గడుల్లో రీడింగులు రాశాడు. పక్కన ఎవరు చూశారో రాయమన్నాను. ఈసారి తన పేరే రాశాడు.