అప్‌డేట్: క్లినిక్‌లో మిల్లింగ్ మెషిన్, చివరికి ఏది తీసుకున్నామంటే

రెండు కుర్చీల డెంటల్ క్లినిక్‌కి మిల్లింగ్ మెషిన్ (పంటి తొడుగుల్ని దిమ్మ నుంచి చెక్కే యంత్రం) కొనాలి, 4 యాక్సిసా 5 యాక్సిసా (అంటే ఎన్ని దిశల్లో కదిలి చెక్కేది), వెట్టా డ్రైయా (నీళ్లతో చెక్కేదా, పొడిగా చెక్కేదా) అని లోగడ అడిగాను కదా. మెషిన్ వచ్చేసింది, పని నడుస్తోంది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది ‘బ్రోచర్లు పక్కనపెట్టి మీ ల్యాబ్ బిల్లులు తీయండి’ అన్న సలహా. తీసి చూస్తే దాదాపు అన్నీ సింగిల్ క్రౌన్లే (ఒక్కో పంటికి విడిగా వేసే తొడుగులు). దవడ పళ్లకి జిర్కోనియా అనే గట్టి సిరామిక్, ముందు పళ్లకి ఈమాక్స్ అనే గాజులాంటి సిరామిక్. ఈమాక్స్‌ని నీళ్లు పడుతుండగా డైమండ్ బర్‌తో అరగదీయాలి కాబట్టి డ్రై మెషిన్లు లిస్టులోంచి పోయాయి. వెట్, డ్రై రెండూ చేసే 4 యాక్సిస్ బ్లాక్ మెషిన్ (చిన్న దిమ్మల్ని చెక్కేది) తీసుకున్నాం. పెద్ద బ్రిడ్జీలు, కస్టమ్ అబట్‌మెంట్లు (ఇంప్లాంట్ మీద క్రౌన్‌ని నిలబెట్టే భాగాలు) ఇప్పటికీ ల్యాబ్‌కే.

జిర్కోనియా క్రౌన్ మిల్లింగ్ నుంచి సుద్దముక్కలా, కావలసినదానికన్నా పెద్దగా వస్తుంది. ఫర్నెస్‌లో సుమారు 1500 డిగ్రీల దగ్గర సింటర్ చేస్తే, అంటే కాల్చి గట్టిపరిస్తే, దాదాపు 20 శాతం కుంచించుకుని సైజుకి దిగుతుంది. కాబట్టి కొటేషన్‌లో ఫర్నెస్ కలిపారో లేదో ముందే అడగండి.

మొదట్లో మెషిన్ పని మధ్యలో ఆగిపోయేది. అందరూ కరెంటునే అనుమానించారు, కానీ స్టెబిలైజర్‌కీ దీనికీ సంబంధమే లేదు. ఇంజినీర్ కంప్రెసర్ నుంచి మెషిన్‌కి గాలి తెచ్చే పైపు ఊడదీస్తే నీటి చుక్కలు రాలాయి! కంప్రెసర్‌కి గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయర్ పెట్టించాక మళ్లీ ఆగలేదు.

ఏ మెషిన్ ఎన్ని మైక్రాన్ల కచ్చితత్వంతో చెక్కుతుందని అప్పుడు జరిగిన వాదన కూడా మాకు అక్కరకు రాలేదు. మార్జిన్ (క్రౌన్ అంచు పంటికి ఆనే చోటు) కుదరడం ప్రిపరేషన్ (క్రౌన్ కోసం పంటిని అరగదీయడం), స్కాన్ మీదే ఎక్కువ ఆధారపడుతోంది. మా పాత స్కానర్ ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైళ్లని (పంటి 3డీ ఆకారం ఉండే ఫైళ్లు) మెషిన్ నేరుగా తీసుకుంటోంది, కొత్త స్కానర్ కొనలేదు.