‘ఇంకా’ నాగరికతా, ‘ఇన్కా’ నాగరికతా? మనం, మేము దాకా వెళ్లిన చర్చ

పదాలపిచ్చి:
నిన్న మా అమ్మాయి సోషల్ పుస్తకం చదువుతూ మధ్యలో ఆగిపోయింది. “నాన్నా, ‘ఇంకా నాగరికత’ అని ఉంది. ఇంకా ఏ నాగరికత?” అని అడిగింది. అంతకుముందు పేజీలో మాయా నాగరికత ఉందట. దానికి కొనసాగింపేమో అనుకుంది. నవ్వొచ్చింది గానీ దాని అనుమానంలో తప్పేం లేదు. ‘ఇన్కా’ అని రాస్తే ఈ గొడవ ఉండదు కదా? మీరంతా ఏది రాస్తున్నారు?

పాతపుస్తకం:
ఇన్కా అనే రాయండి, చదివేవాళ్లు తడబడరు. ఇంకో సంగతి, అది జనం పేరు కాదు. ఇన్కా అంటే రాజు, మహా అయితే ఆ రాజవంశం. తమ రాజ్యాన్ని వాళ్లు పిలుచుకున్న పేరు తవంతిన్‌సుయు. ‘తవ’ అంటే నాలుగు, ‘సుయు’ అంటే సీమ. నడుమ కుస్కో నగరం (ఇప్పటి దక్షిణ అమెరికా పెరూలో), చుట్టూ చించాయ్‌సుయు, అంతిసుయు, కుంతిసుయు, కొల్యసుయు.

ఆ పేరు మధ్యలో ఉన్న ‘న్తిన్’ అంటే నాకు భలే ముద్దు. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని వివరించడానికి ఒక వాక్యమంతా పడుతుంది: విడివిడిగా కాదు, అన్నీ కలిపి ఒకటిగా ఉన్న నాలుగు అని. మనకు అంత అక్కర్లేదు. ‘నలుగురు వచ్చారు’ అనడానికీ ‘నలుగురూ వచ్చారు’ అనడానికీ తేడా ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ చివరి దీర్ఘం చేసే పనే ఈ ‘న్తిన్’ చేస్తుంది. తవంతిన్‌సుయు అంటే ‘నాలుగు సీమలూ’.

పదాలపిచ్చి:
ఇది బాగుంది! వాళ్ల భాష క్వెచువా కదా, ఇలాంటివి ఇంకా (మన ఇంకాయే) ఉన్నాయా?

పాతపుస్తకం:
ఉన్నాయి. ఆ భాషను మాట్లాడేవాళ్లు రునసిమి అంటారు. రున అంటే మనిషి, సిమి అంటే నోరు, మాట కూడా. ఇన్కాల కంటే ముందు నుంచీ ఉన్న భాషే. రాజ్యంలో బోలెడు భాషలుండేవి, పాలన మాత్రం దీంట్లో నడిచింది.

అసలైన ముచ్చట సర్వనామాల్లో ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ఞొఖంచిక్, వదిలేస్తే ఞొఖయ్కు. అచ్చం మన మనం, మేము. (బడిలో దిద్ది, ఆనక ఒంటరిగా ఎక్కడా వాడని ఞ అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది. ఖ మాత్రం సరిగ్గా కుదరలేదు, అక్కడ క ను గొంతు లోపలి నుంచి పలకాలి.) ‘వసి’ అంటే ఇల్లు. వసించిక్ మన ఇల్లు, వసియ్కు మా ఇల్లు. మనకు లేని సదుపాయం ఒకటుంది వాళ్లకు. మనం వచ్చాం, మేము వచ్చాం: మన క్రియ రెండు చోట్లా ఒకటే. వాళ్లకు క్రియ కూడా మారుతుంది. ‘రించిక్’ అంటే మనం వెళ్తాం, ‘రియ్కు’ అంటే మేము వెళ్తాం. సర్వనామం నోటితో అనకపోయినా, నువ్వూ వస్తున్నావో లేదో తెలిసిపోతుంది.

తెలుగువాళ్లకు ఉన్న వింత వాళ్లకు లేదు లెండి. ఒక్కడే కొడుకైనా ‘మా నాన్న’ అంటాం. వాళ్లు మాత్రం ‘తైతాయ్’, అంటే ‘నా తండ్రి’ అంటారు. మనదగ్గర ‘మా ఆవిడ’ అనాల్సిన చోట ‘మన ఆవిడ’ అని చూడండి, సాయంత్రం ఇంట్లో అన్నం దొరకదు.

బెంగళూరు బాబు:
ఆగండాగండి. వసి అంటే ఇల్లు, వసించిక్... వసించు! క్వెచువా ద్రావిడ భాషే అన్నమాట. నేను ముందే అనుకున్నా.

పాతపుస్తకం:
బాబుగారూ, ‘వసించు’ ద్రావిడ పదమే కాదు, సంస్కృతం ‘వస్’ నుంచి వచ్చింది. ఇల్లు మనదైతే కదా పొరుగింటితో పోల్చడానికి! మనం, మేము తేడా చుట్టరికానికి గుర్తు కాదు. మలయ్ భాషలోనూ ఉంది: కిత అంటే మనం, కమి అంటే మేము. వాళ్లు మనకు చుట్టాలు కారు, క్వెచువాకూ కారు.

తెలుగు టీచరు:
మరి స్పెయిన్ పాదిరీలు ఏం చేశారు? వాళ్ల భాషలో ‘మన’కీ ‘మా’కీ ఒకటే మాట కదా.

పాతపుస్తకం:
మంచి ప్రశ్న వేశారు టీచర్ గారూ. దొమింగో దె సాంతో తొమాస్ అనే పాదిరీ 1560లో ఈ భాషకు మొదటి వ్యాకరణం అచ్చువేశాడు. ఈ తేడా అందులోనే పట్టుకున్నాడు. పట్టుకోకపోతే ప్రార్థనే చెడేది. దేవుడితో మాట్లాడేటప్పుడు ‘మన తండ్రీ’ అంటే దేవుడికి కూడా ఆయనే తండ్రి అయిపోతాడు. అందుకే క్వెచువా ప్రార్థన ‘యాయయ్కు’ అని మొదలవుతుంది, ‘మా తండ్రీ’ అని. అదే జనానికి బోధించేటప్పుడు ‘అపుంచిక్’, మన ప్రభువు. ఇప్పుడు తెలుగు బైబిలు తీయండి. ప్రార్థనలో ‘పరలోకమందున్న మా తండ్రీ’, అపొస్తలుల పత్రికల్లో, అంటే విశ్వాసులకు రాసిన ఉత్తరాల్లో, ‘మన ప్రభువైన యేసుక్రీస్తు’. పెరూలోని లిమాలో ఒకరు, మన దగ్గర ఒకరు, ఒకే చిక్కును ఒకేలా విప్పారు.

తెలుగు టీచరు:
ఒళ్లు పులకరించింది. ఎన్నేళ్లుగా ఆ ప్రార్థన చెప్తున్నానో, ‘మా’ ఎందుకో ఒక్కసారీ ఆలోచించలేదు.

బెంగళూరు బాబు:
చుట్టరికం పోతే పోయింది, ఒకటి చెప్తా. ఇక్కడ మా కన్నడ కొలీగ్స్‌కి ఈ తేడా లేదు, దేనికైనా ‘నావు’ అనే అంటారు. “లంచ్‌కి వెళ్తున్నాం” అంటే నన్నూ పిలిచారో, చెప్పి వెళ్తున్నారో తెలీక ఒకసారి బ్యాగు తీసుకుని లేచి పరువు పోగొట్టుకున్నా.

పాతపుస్తకం:
హహ! అక్కడా అంతే. ఈక్వెడార్ క్వెచువాలో ‘మేము’ పోయింది, ‘మనం’ రూపమే రెంటికీ వాడతారు.

మన ‘అట’కు జోడీ కూడా చెప్పేసి ఆపుతా. కుస్కో వైపు ‘పరషన్‌మి’ అంటే వాన పడుతోంది, నేను చూశాను. ‘పరషన్‌సి’ అంటే వాన పడుతోందట. ‘పరషన్‌చ’ అంటే పడుతోందేమో. ఇప్పుడు 1532 నవంబరు 16న పెరూలోని కహామార్కాలో, స్పెయిన్ వాళ్లు ఇన్కా రాజును కలిసినప్పుడు, ఏం జరిగిందో చూడండి. పాదిరీ త్రిత్వం (ముగ్గురిగా ఉన్నా దేవుడు ఒక్కడే) గురించి చెప్తుంటే, దుబాసీ ఫెలిపిల్యో “దేవుళ్లు ముగ్గురు, ఇంకొకరు, మొత్తం నలుగురు” అని లెక్క కూడి రాజు అతావాల్పాకు చెప్పాడట. ఆ సాయంత్రానికి రాజు బందీ. ఇది రాసిన చరిత్రకారుడు గార్సిలాసో పుట్టింది 1539లో, తల్లి ఇన్కా వంశపు ఆడపడుచు. కాబట్టి ఈ కథంతా ‘సి’తోనే చెప్పాలి.

పదాలపిచ్చి:
మా అమ్మాయి పుస్తకంలో సున్నా కొట్టేసి పెన్సిల్‌తో ‘న్’ పెట్టుకుంది. పక్కన ‘నాలుగు సీమలూ’ అని కూడా రాసింది, దీర్ఘం కింద గీత గీసి మరీ. ఇప్పుడు ముందు పేజీలోని ‘మాయా’ని ఏం చేయాలని నా ప్రాణం తీస్తోంది. ఎవరైనా ఆదుకోండి.